చలిలో పరుగు: స్వెటర్, రెయిన్‌కోటు గురించి అపోహలు - వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండుకు కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లు ఇంట్లో ఉన్న బట్టలన్నీ వేసుకుని వస్తారు. స్వెటర్, దానిపైన జర్కిన్, నెత్తికి మంకీ క్యాప్. కొందరైతే లోపల రెయిన్‌కోటు కూడా. ఎందుకని అడిగితే "చెమట పడితేనే కొవ్వు కరుగుతది గదా సార్" అంటారు. పన్నెండేళ్లుగా పరుగు నేర్పిస్తున్నాను, ఈ మాట వినని చలికాలం లేదు.

అపోహ: ఎంత చెమట పడితే అంత బరువు తగ్గుతాం.

చెమటలో పోయేది నీళ్లు, కాస్త ఉప్పు. కొవ్వు కాదు. పరుగు అయ్యాక కాటా మీద కిలో తగ్గినట్టు కనబడితే అది లీటరు నీళ్లు. తాగగానే మళ్లీ వచ్చేస్తుంది. పరుగెత్తేటప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పావు వంతు వేడిగానే మారుతుంది. ఆ వేడి దిగాలంటే చెమట ఆరాలి. రెయిన్‌కోటు లోపల చెమట కారుతుంది గానీ ఆరదు. ఒళ్లు కాగిపోతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. బయట చలిగా ఉన్నా సరే, మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

2022 నవంబర్‌లో నా కళ్లముందే జరిగింది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పరుగు లాంటి శారీరక పరీక్షలకు, తయారవుతున్న పిల్లగాడు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి. బరువు తగ్గాలన్న టెన్షన్‌లో స్వెటర్ కింద రెయిన్‌కోటు వేసుకొచ్చి నాలుగో రౌండులో కూలబడ్డాడు. విప్పి చూస్తే లోపలి బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. వాళ్లమ్మ ఏడుస్తూ వచ్చింది: "సలి తగలొద్దని స్వెటర్ నేనే ఏసి పంపిన సారూ." ఆ తల్లి తప్పేముంది? ఆమెకు ఎవరు చెప్పారు గనక! నెల తర్వాత అదే పిల్లగాడు ఒక్క పలుచని టీషర్టుతో టైములోపే ముగించాడు.

మరి ఏం వేసుకోవాలి? బయట 15 డిగ్రీలుంటే 25 ఉన్నాయనుకుని వేసుకోండి. మొదటి ఐదు నిమిషాలు కాస్త చలి పెట్టాలి. పెట్టలేదంటే బట్టలు ఎక్కువైనట్టే. మన దగ్గరి చలికి ఫుల్ హ్యాండ్స్ డ్రైఫిట్ (చెమట తొందరగా ఆరిపోయే బట్ట) టీషర్టు ఒక్కటి చాలు. పానగల్ చెరువు కట్ట మీద పరుగెత్తేవాళ్లకు నీళ్ల మీది గాలి తగులుతుంది కాబట్టి పలుచని విండ్‌చీటర్ తీసుకోండి, ఒళ్లు వేడెక్కాక నడుముకు కట్టేయండి. కాటన్ మాత్రం వద్దు. చెమట పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, ఆగిన మరుక్షణం ఇగం పట్టుకుంటుంది. అందుకే బ్యాగులో పొడి టీషర్టు ఒకటి ఉంచుకుని, పరుగు కాగానే మార్చుకోండి.

చల్లగాలికి సర్ది చేస్తుందంటారు. సర్ది వైరస్‌తో వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ల సంగతి వేరు, చల్లటి పొడిగాలికి ఆయాసం పెరగొచ్చు. డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి, ముక్కుకు స్కార్ఫ్ కట్టుకోండి. ఆడపిల్లలు జాకెట్ కంటే ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోవాలి.

రోడ్డు మీద పరుగెత్తేవాళ్లు నల్ల హుడీ అసలే వేసుకోవద్దు. మంచులో లారీ డ్రైవర్‌కు మీరు కనబడరు. వీపుకు రేడియం స్టిక్కర్ అతికించుకోండి. నా దగ్గరికొచ్చే పిల్లలందరి టీషర్టులకూ నేనే అతికించి పంపిస్తున్నాను.