స్టాట్స్ సీటు వదిలేసి డేటా సైన్స్ కోర్సులో చేరాలా? అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, మా డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర ఎవరో ఒక తండ్రి ఫైలు పట్టుకుని నిలబడి ఉంటారు. "మేడమ్, ఎమ్మెస్సీ స్టాట్స్ పాత సబ్జెక్ట్ అంట కదా, సీటు వదిలేసి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో వేద్దామా?" అప్పు తెచ్చైనా ఫీజు కడదామనుకునే మనిషి, ఆయన్ని ఏమంటాం, ఆ మాట పుట్టించిన వాళ్ళ మీదే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: స్టాటిస్టిక్స్ వేరు, డేటా సైన్స్ వేరు.

డేటా లెక్కలకి అందరూ వాడే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఆర్, అసలు అది పుట్టిందే ఆక్లాండ్ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో, ఇద్దరు మాస్టార్లు పిల్లలకి పాఠం చెప్పుకోడానికి మొదలుపెట్టారు. డేటా నుంచి అంచనాలు వేసే పద్ధతి రాండమ్ ఫారెస్ట్స్ మీద 2001లో పేపర్ రాసిన లియో బ్రీమన్ బర్క్‌లీలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. వేరు ఎక్కడైంది?

మా స్టూడెంట్ ఒకడు మొదటి సెమిస్టర్ మధ్యలో టీసీ తీసుకుని అలాంటి డేటా సైన్స్ కోర్సుకే వెళ్ళిపోయాడు. ఆర్నెల్ల తర్వాత ఇంటర్వ్యూ పోగొట్టుకుని దిగులుగా వచ్చాడు. వాడు కట్టింది లోన్ ఎగ్గొట్టేవాళ్ళని ముందే కనిపెట్టే మోడల్ అంట, "97 శాతం అక్యురసీ మేడమ్, అయినా తీసుకోలేదు" అన్నాడు. డేటా చూస్తే 1000 మందిలో ఎగ్గొట్టినవాళ్ళు 30 మంది. ఎవ్వరూ ఎగ్గొట్టరు అని కళ్ళుమూసుకుని చెప్పినా 97 వస్తుంది కదరా అన్నా, మోడల్ చేసింది కూడా అదే, ఆ 30లో ఒక్కర్నీ పట్టలేదు. పోనీ 20 మందిని పట్టే మోడల్ కట్టాడే అనుకుందాం, రికాల్, అంటే ఎగ్గొట్టినవాళ్ళలో పట్టినవాళ్ళ వాటా, 67 శాతం, కానీ 30 మంది మీద వచ్చిన అంకె కాబట్టి 95 శాతం ఇంటర్వెల్, అంటే అసలు అంకె ఉండగల పరిధి, వేస్తే ఇంచుమించు 50 నుంచి 83 దాకా సాగుతుంది, బ్యాంకు వాడు అడిగేది ఇదే. మా స్టూడెంట్‌కి ఇదెవరూ చెప్పలేదు. ఫీజు పోయింది, ఏడాది పోయింది, మళ్ళీ పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్ రాసి వచ్చాడు.

స్టాట్స్ వాళ్ళకి కోడింగ్ రాదు అనేది ఇంకోటి. మా ల్యాబ్‌లో ఆర్, పైథాన్ రెండూ చేయిస్తున్నాం. అయితే పది అంకెల టేబుల్ ఇచ్చి క్యాలిక్యులేటర్‌తో రికార్డు రాయించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, డేటాబేస్ నుంచి డేటా లాగే ఎస్‌క్యూఎల్ తక్కువ, చెత్తగా ఉన్న డేటా శుభ్రం చేయించడం ఇంకా తక్కువ, ఇది మేం మార్చుకోవాల్సిందే.

స్టాట్స్ మ్యాథ్స్ టాపర్లకే అన్నది అబద్ధం, డిగ్రీ కాలిక్యులస్, మ్యాట్రిక్సులు భయం లేకుండా చేస్తే చాలు. ఏఐ వచ్చేసింది ఇంకెందుకు అంటారా, అది కోడ్ రాసిపెడుతుంది గానీ ఆ 1000 మందిని ఎలా ఎంచారో మనం చెప్తేనే కదా దానికి తెలిసేది.

ఇంకా డౌటుంటే సీటు వదిలేసే ముందు సెకండియర్ వాళ్ళ ప్రాజెక్ట్ వైవా రోజు పిల్లాణ్ణి తీసుకుని రండి, వెనక బెంచీలో కూర్చుని వినండి, ఎవరూ ఏమీ అనరు.