12వ పిక్ పెట్టి గార్డ్‌నా? డాలస్ కౌబాయ్స్ లైన్ వెనక కథ

2025 ఏప్రిల్ 24 రాత్రి, గ్రీన్ బేలో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్. డాలస్ కౌబాయ్స్ వంతు, అంటే పిక్, 12వది. పాస్ అందుకునే రిసీవర్ కావాలని అభిమానులు వారాల తరబడి పోరుతున్నారు. ఉన్న మేటి రిసీవర్ సీడీ ల్యాంబ్‌కు సరైన జోడీ లేడన్నది ఎవరికైనా కనిపించే లోటే. జట్టు మాత్రం అలబామా నుంచి టైలర్ బుకర్ అనే గార్డ్‌ను ఎంచుకుంది. గార్డ్ అంటే ఎదుటివాళ్లను అడ్డుకునే ఐదుగురి వరసలో, అంటే అఫెన్సివ్ లైన్‌లో, ఒకడు: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్న టాకిల్స్. బంతి దాదాపు ముట్టనే ముట్టడు. టీవీలో అతని పేరు వినబడిందంటే చాలాసార్లు ఏదో తప్పు చేశాడనే లెక్క.

ఫ్రిస్కోలో కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ‘ది స్టార్’ పక్కనుంచి రోజూ ఆఫీసుకు వెళ్లే తెలుగువాళ్లు బోలెడుమంది. ఆట పూర్తిగా అర్థం కాకపోయినా ఆదివారం టీవీ ముందు కూర్చునేవాళ్లూ తక్కువేం లేరు. ఈ ఎంపిక ఒక్క ఏడాది అవసరం చూసి చేసింది కాదని తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు పద్ధతి సంగతి. ఇది ఐపీఎల్ వేలంలాంటిది కాదు, ఎవరూ పాట పాడరు. నిరుటి సీజన్లో అట్టడుగున ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది, ఛాంపియన్ చివర్న. 1936 నుంచీ ఇదే వరస. ఇప్పుడు ఏడు రౌండ్లు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత కొత్త కుర్రాడి జీతం ఎన్నో పిక్ అన్నదాన్నిబట్టి దాదాపు ముందే తేలిపోతుంది, నాలుగేళ్లపాటు చౌకగా దొరుకుతాడు. ఇంకోపక్క జట్టు మొత్తం జీతాలకు క్యాప్ (గరిష్ఠ పరిమితి) ఉంది: 2025లో 27.92 కోట్ల డాలర్లు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్ కొత్త ఒప్పందమే ఏడాదికి సగటున 6 కోట్లు. స్టార్లకు అంత పోశాక మిగతా ఖాళీలను డ్రాఫ్ట్‌లోనే పూడ్చుకోవాలి.

జెర్రీ జోన్స్ 1989లో జట్టును కొన్నాడు. 1992, 1993, 1995 సీజన్లలో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచారు. ఆ జట్ల పేరు చెబితే అందరూ క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఎయిక్‌మన్, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎమిట్ స్మిత్, రిసీవర్ మైకేల్ ఇర్విన్‌లనే తలుచుకుంటారు. ముగ్గురూ మొదటి రౌండ్ వాళ్లు. వాళ్ల ముందు నిలబడ్డ లైన్‌ను ‘గ్రేట్ వాల్ ఆఫ్ డాలస్’ అనేవాళ్లు, అందులో మాత్రం మొదటి రౌండ్ కుర్రాడు లేడు. నేట్ న్యూటన్‌నూ, మార్క్ టుయినైనీ డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. ఎరిక్ విలియమ్స్ మూడో రౌండ్. తర్వాత వచ్చి చేరిన ల్యారీ అలెన్ సొనోమా స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి రెండో రౌండ్‌లో వచ్చాడు.

ఆ అదృష్టమే తర్వాత కొంప ముంచిందని నా అభిప్రాయం. లైన్‌కు ఖరీదైన పిక్ అక్కర్లేదు, ఎక్కడో ఒకడు దొరుకుతాడులే అన్న ధీమా పాతుకుపోయింది. 1981లో హోవర్డ్ రిచర్డ్స్ తర్వాత ముప్ఫై ఏళ్లపాటు డాలస్ మొదటి రౌండ్‌లో ఒక్క అఫెన్సివ్ లైన్‌మన్‌నూ తీసుకోలేదు. 2010 అక్టోబరులో జయంట్స్ మీద ఆడుతూ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో కాలర్ బోన్ విరిగింది. మీదికి దూసుకొచ్చినవాణ్ని అడ్డుకునే మనిషే లేడు. నిజానికి ఆపాల్సినవాడు లైన్‌లోవాడు కాదు, దాని వెనక నిలబడే ఫుల్‌బ్యాక్. అయినా ఆ దెబ్బ చూశాక లైన్‌ను గాలికొదిలేయడం ఎవరి వల్లా కాలేదు. ఆ సీజన్ 6-10తో, అంటే ఆరు గెలుపులు, పది ఓటములతో, ముగిసింది, నడుమనే కోచ్ వేడ్ ఫిలిప్స్ ఉద్యోగం పోయింది.

2011లో తొమ్మిదో పిక్‌తో ఇరవై ఏళ్ల టైరన్ స్మిత్ వచ్చాడు. 2013లో 18వ స్థానం నుంచి 31కి దిగి మరీ సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకుంటే, ఈ కుర్రాడికి మొదటి రౌండ్ ఎక్కువని విశ్లేషకులు వెక్కిరించారు. అతను ఐదుసార్లు ప్రో బౌల్‌కు (లీగ్ ఆల్‌స్టార్ జట్టుకు) ఎంపికయ్యాడు.

అసలు కథ 2014ది. డాలస్‌ది 16వ పిక్. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో కాలేజీ ఫుట్‌బాల్ మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జెల్ ఇంకా మిగిలే ఉన్నాడు. రాష్ట్రమంతా అతని జపమే. రోమోకు 34 ఏళ్లు, వీపుకు అప్పుడే ఆపరేషన్ అయింది. జెర్రీ మనసు మాన్జెల్ మీదే ఉంది. కొడుకు స్టీఫెన్, తక్కినవాళ్లు కలిసి ఆయన్ని ఆపారు. మాన్జెల్ బదులు నోటర్ డేమ్ నుంచి జాక్ మార్టిన్ వచ్చాడు. మాన్జెల్ 22వ పిక్‌గా క్లీవ్‌లాండ్ వెళ్లి రెండే సీజన్లు ఆడి లీగ్‌కు దూరమయ్యాడు.

మార్టిన్ పని దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. బంతి సెంటర్ చేతిలోంచి వెనక్కి వెళ్లిన క్షణంలో ఎదురుగా 140 కిలోల మనిషి మీద పడతాడు. రైట్ గార్డ్ నడుము వంచి, పాదాలు ఎడంగా పెట్టి, రెండు అరచేతులూ వాడి ఛాతీ మధ్య ఆనించాలి. చేతులు భుజాల బయటికి జారి జెర్సీ దొరకబుచ్చుకుంటే హోల్డింగ్, పది గజాలు వెనక్కి. ఇదంతా మూడు సెకన్లలో. పదకొండు సీజన్లలో మార్టిన్ మీద పడిన హోల్డింగ్ పెనాల్టీలు ఏడు. ప్రో బౌల్ ఎంపికలు తొమ్మిది.

ఫలితం వెంటనే కనిపించింది. 2014లో డిమార్కో మర్రే 1,845 గజాలు పరిగెత్తాడు, అది ఇప్పటికీ డాలస్ రికార్డు. 2016లో కొత్తగా వచ్చిన ఎజెకియల్ ఎలియట్ 1,631 గజాలు తీశాడు. నాలుగో రౌండ్‌లో దొరికిన ప్రెస్కాట్ అదే లైన్ వెనక నిలబడి 13-3 సాధించాడు.

చిక్కేమిటంటే, లైన్‌లోని ముగ్గురూ, టైరన్ స్మిత్, ఫ్రెడరిక్, మార్టిన్, నాలుగేళ్ల లోపు వచ్చారు. ఒకేసారి నాటిన చెట్లు ఒకేసారి ముదురుతాయి. ఫ్రెడరిక్‌కు గిలియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు వచ్చి 2018 సీజన్ మొత్తం పోయింది. తిరిగొచ్చి ఒక్క ఏడాది ఆడి, 2020లో 29 ఏళ్లకే ఆట మానేశాడు. టైరన్ స్మిత్‌కు వీపు, మెడ, మోకాలు ఒకదాని తర్వాత ఒకటి. చివరికి 2024లో జెట్స్‌కు వెళ్లిపోయాడు.

2022లో 24వ పిక్‌తో వచ్చిన టైలర్ స్మిత్ లెఫ్ట్ గార్డ్‌గా కుదురుకున్నాడు. 2024లో టైలర్ గైటన్‌ను లెఫ్ట్ టాకిల్‌గా తీసుకోవడమే సాహసం. ఓక్లహోమాలో అతను ఆడింది ఎక్కువగా కుడివైపు. అక్కడి క్వార్టర్‌బ్యాక్ ఎడమచేతివాటం కాబట్టి, వీపు కాయాల్సిన వైపు కుడే. ఇక్కడ ప్రెస్కాట్‌ది కుడిచేయి. దాంతో పాదం వేసే తీరు మొత్తం తిరగేసి నేర్చుకోవాలి. మూడో రౌండ్‌లో వచ్చిన కూపర్ బీబీ కాలేజీలో గార్డ్, ఇక్కడ సెంటర్ చేశారు. ఇద్దరు కొత్తవాళ్లూ తెలియని చోటే పని నేర్చుకున్నారు. ఆ ఏడాది 7-10.

సీజన్ అయ్యాక 2025 మార్చిలో మార్టిన్ రిటైరయ్యాడు. పాత గోడలో మిగిలిన ఆఖరి రాయి అది. సరిగ్గా ఆ ఖాళీ కోసమే ఏడు వారాలకు 12వ పిక్‌తో బుకర్ వచ్చాడు, కుడివైపు గార్డ్‌గా.

మరి రిసీవర్? డ్రాఫ్ట్ అయిన రెండు వారాల్లోపే పిట్స్‌బర్గ్‌కు 2026 మూడో రౌండ్ పిక్ ఇచ్చి, కింది రౌండ్ పిక్‌లు ఒకటీ అరా మార్చుకుని, జార్జ్ పికెన్స్‌ను తెచ్చుకున్నారు.