84వ స్థానంలో లత, ఎక్కడా లేని సుశీల

విశాఖ రామకృష్ణా బీచ్‌లో, కాళీమాత గుడికి కాస్త ఇవతల, రోజూ ఉదయం ఆరున్నరకు మా అయిదుగురి సభ కూడుతుంది. పోర్టులో పనిచేసి రిటైరైన ఆయన ఒకరు, ఉక్కు కర్మాగారం ఆయన ఒకరు, లెక్కల మాస్టారు, ఎప్పుడో బరంపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒడియా పెద్దాయన, నేను. ఒడియా ఆయన తక్కువ మాట్లాడతారు. ఆ లోటు మిగతా నలుగురం తీరుస్తాం.

మొన్న పోర్టు ఆయన ఫోను నా చేతికిచ్చి, “ఈ అన్యాయం చూడండి” అన్నారు. పాత వార్తే, ఫోన్లలో తిరిగే వార్తలకు చావు లేదు కదా. అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ 2023 జనవరిలో వేసిన జాబితా అది: ఆల్ టైమ్ గ్రేట్ గాయకులు 200 మంది. మొదటి స్థానం అరెథా ఫ్రాంక్లిన్‌ది. లతా మంగేష్కర్‌ది 84. నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ది 91. ఘంటసాల లేరు, సుశీల లేరు, జానకి లేరు, బాలు లేరు. సెలీన్ డియోన్ పేరు కూడా లేకపోవడంతో ఆవిడ అభిమానులు న్యూయార్క్‌లో ఆ పత్రిక ఆఫీసు ముందు చేరి నిరసన తెలిపారు. మనవాళ్లు అంత దూరం వెళ్లలేదు, ఫోన్లలోనే తిట్టుకున్నారు.

“సుశీలమ్మ పుట్టింది విజయనగరంలో. ఇక్కడికి బస్సెక్కితే గంటన్నర. సంగీతం నేర్చుకున్నది అక్కడి సంగీత కళాశాలలో. ఘంటసాల చదివిందీ అక్కడే. ఒక్క కాలేజీ నుంచి ఇద్దరు వస్తే ఇద్దరూ కనబడలేదా వీళ్లకి?” అన్నారు ఉక్కు ఆయన.

మాస్టారు ఒకే ప్రశ్న వేశారు: “వీళ్లంటే ఎవరండీ?”

ఆ జాబితాను తయారుచేసింది పత్రిక సిబ్బంది, దానికి తరచూ రాసేవాళ్లు. ఇది గొప్ప గాయకుల జాబితాయే గాని గొప్ప గొంతుల జాబితా కాదని ముందుమాటలో వాళ్లే చెప్పుకున్నారు. కొత్తదనం, ఇతరుల మీద ప్రభావం, పాడిన పాటల రాశి, సంగీతంలో మిగిల్చిన వారసత్వం చూశామన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ సినిమా నేపథ్య గాయని దగ్గరికి ఈ కొలతలు పట్టుకెళ్లండి. పాట ఆమె రాయలేదు, వరుస ఆమె కట్టలేదు, తెర మీద పెదవులు కదిపింది ఇంకొకరు. తన పేరుతో ఆల్బమ్ వేసి, తన కథ తానే పాడుకునే రాక్ గాయకుడి కోసం కోసిన చొక్కా ఇది. లతకు తొడిగితే 84 దగ్గర బిగుసుకుంది.

ఇంకో సంగతి. 2008లో అదే పత్రిక వేసిన 100 మంది జాబితాలో లత పేరే లేదు. ఆ పదిహేనేళ్లలో ఆమె కొత్తగా గొప్పదైపోలేదు. అదే పత్రిక ఆల్బమ్‌ల జాబితాలో 2003లో మొదటి స్థానంలో ఉన్న బీటిల్స్ ఆల్బమ్ 2020కి 24వ స్థానానికి జారింది. రికార్డులో ఒక్క స్వరం మారలేదు, వినేవాళ్లు మారారు. అందుకే ఇలాంటి జాబితా చదివినప్పుడు నేను గాయకుల సంగతి పక్కన పెట్టి, అది ఎవరి చెవి అని చూస్తాను.

చెవి అన్నాను కదా, అసలు విషయం అక్కడే ఉంది.

అమెరికాలో పుట్టిన నా మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు దానితో ‘పాత పాట’ అనిపించాలని చూశాను. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. అది “పాట పాట” అంది. “అలా కాదమ్మా, పాత, పాట” అన్నాను. “అదే కదా అన్నాను తాతా, రెండూ ఒకటే!” అంది కోపంగా. దాని నాలుక తిరగకపోవడం రెండో సంగతి. ముందు దాని చెవికే తేడా అందలేదు.

దీని మీద 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసివాళ్లకు హిందీలోని ‘త’ను, ‘ట’ను వినిపించారు. శబ్దం మారినప్పుడు తల తిప్పితే ఒక బొమ్మ కదులుతుంది; పిల్లలు ఆ కిటుకు తొందరగానే పట్టేస్తారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ‘త’ పోయి ‘ట’ రాగానే చాలావరకు తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి తిప్పేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఏడాది నిండకముందే చెవి తన భాషకు అక్కర్లేని తేడాలను పట్టించుకోవడం మానేస్తుంది. పెద్దయ్యాక గట్టిగా సాధన చేస్తే కొంత తిరిగి వస్తుంది గాని, పాట వింటూ దానంతట అది రాదు.

శబ్దపరంగా ఆ తేడా చాలా చిన్నది. ‘త’ అన్నప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుంది. ‘ట’ అన్నప్పుడు వెనక్కి మడతపడి అంగిలిని తాకుతుంది. నోరు ఒక గది అనుకుంటే, ఆ గది కొన్ని పౌనఃపున్యాలను పెంచి వినిపిస్తుంది. వాటిని ఫార్మెంట్లంటారు. నాలుక మడతపడినప్పుడు వాటిలో మూడోది కిందికి దిగుతుంది. ఆ దిగడం సెకనులో పదో వంతు కూడా ఉండదు. మన భాషలో ‘మాట’కూ ‘మాత’కూ మధ్య ఉన్న గోడ అంతే. ‘కల’, ‘కళ’ల మధ్య గోడ కూడా అలాంటిదే.

ఇక పాట సంగతి చూడండి. సాధారణంగా మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల గొంతు 200 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే సెకనుకు 200 కంపనలు; దాని మీద 200, 400, 600, 800 ఇలా దగ్గరదగ్గరగా అనుస్వరాలు (సున్నా కాదు, హార్మోనిక్స్) పుడతాయి. నోటి గది ఆకారం వాటిలో చక్కగా కనబడుతుంది, దగ్గరగా పేర్చిన చుక్కల్లో ముగ్గు కనబడినట్టు. అదే తారస్థాయికి వెళ్లి 600 హెర్ట్జ్ దగ్గర పాడితే 600, 1200, 1800 మాత్రమే ఉంటాయి. చుక్కలు దూరమైపోయాయి, ముగ్గు పోల్చుకోవడం కష్టం. ‘ఇ’కి మొదటి ఫార్మెంటు మామూలుగా 300–400 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, గొంతు దాన్ని దాటి పైకి వెళ్లిపోయాక ‘ఇ’కీ ‘ఎ’కీ తేడా చెప్పడం ఎవరికైనా కష్టమే. ఒపెరాలో తారస్థాయిలో పాడే గాయనులు, అంటే సోప్రానోలు, పై స్వరాల్లో మాట అర్థమవుతుందన్న ఆశ దాదాపు వదులుకుని, నోరు పెద్దగా తెరిచి నాదం మీదే దృష్టి పెడతారు.

సుశీల వదులుకోలేదు. పై షడ్జమం దగ్గర కూడా ఆమె ‘ళ’ ‘ళ’గానే ఉంటుంది, ‘ణ’ ‘న’లోకి జారదు, ఒత్తు ఒత్తులాగే పడుతుంది. దీన్నే మన పత్రికలు ‘ముత్యాల్లాంటి అక్షరాలు’ అని రాసి, పని అయిపోయిందనుకున్నాయి. ఆ ముత్యాల వెనక ఉన్నది శబ్దశాస్త్రానికి ఎదురీత. నోరు మరీ తెరిస్తే అచ్చు పాడవుతుంది, తెరవకపోతే నాదం చిక్కిపోతుంది, హల్లు గట్టిగా పడితే మైకు తట్టుకోదు. ఈ మూడింటి మధ్య సందులోంచి, వాద్యబృందమంతా ఒకేసారి వాయిస్తుండగా, ఒకే ఊపులో పాట ముగించిన తరం అది. గాయనిగా ఆమె గొప్పతనంలో సగం అక్కడే ఉందని నా లెక్క.

ఆ సగం ‘త’, ‘ట’ తేడా అందని చెవికి వినపడదు. న్యూయార్క్‌లో కూర్చుని మంచి మనసుతో, శ్రద్ధగా విన్నా వినపడదు. దురుద్దేశం ఉంటే పోట్లాడవచ్చు. పదో నెలలో మూసుకుపోయిన తలుపుతో ఏం పోట్లాడతాం? లత పాటలోనూ వాళ్లకు అందేది నాదం, శ్రుతి, వేగం. అవే ఆమెను 84 దాకా తీసుకెళ్లాయంటే ఆ నాదం ఎంత గట్టిదో ఆలోచించండి. (మరాఠీ ఇంటి మనిషి కాబట్టి ప్రామాణిక హిందీలో లేని ‘ళ’ కూడా లతకు పుట్టుకతోనే వచ్చింది. 1955లో సుసర్ల దక్షిణామూర్తి ‘సంతానం’ సినిమా కోసం ఆమెతో తెలుగులో పాడించారు. పోర్టు ఆయన ఆ జోలపాట ఇప్పటికీ అప్పుడప్పుడు తీస్తుంటారు, శ్రుతితో నిమిత్తం లేకుండా.)

“అయితే మన జాబితా మనమే వేసుకుందాం” అన్నారు ఉక్కు ఆయన. ముగ్గురు గాయనులు: సుశీల, జానకి, చిత్ర. పోర్టు ఆయన వరుస అదే. ఉక్కు ఆయనది జానకి, చిత్ర, సుశీల. మాస్టారిది చిత్ర, సుశీల, జానకి. మాస్టారు కాసేపు చేతి వేళ్ల మీద లెక్కవేసి నవ్వడం మొదలుపెట్టారు. సుశీలనా జానకినా అంటే ఇద్దరు సుశీల వైపు. జానకినా చిత్రనా అంటే ఇద్దరు జానకి వైపు. కాబట్టి సుశీల చిత్ర కన్నా పైన ఉండాలి కదా? కానీ చిత్రనా సుశీలనా అంటే ఇద్దరు చిత్ర వైపు! ఎవరిని మొదట పెట్టినా ఇద్దరు కాదంటారు. ఎవరి తలలోనూ తిరకాసు లేదు, ముగ్గురినీ కలిపితే వచ్చింది. ఫ్రాన్స్‌లో కాండోర్సే అనే గణితవేత్త దీన్ని 1785లోనే పట్టుకున్నాడు. 1951లో కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త ఇంకా ముందుకెళ్లి, మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఎంపికలున్నప్పుడు పలువురి వరుసలను కలిపి ఒకే వరుస చేసే ఏ పద్ధతీ కొన్ని మామూలు న్యాయాలన్నిటినీ ఒకేసారి పాటించలేదని గణితంతో నిరూపించాడు. ముగ్గురు మనుషులు, ముగ్గురు గాయనులకే ఇంత గొడవ. 84కీ 85కీ తేడా ఏమిటో ఇక ఎవరిని అడగాలి?

నాకు ఇంకో అనుమానం వచ్చి ముగ్గురినీ వాళ్ల పుట్టిన సంవత్సరాలు అడిగాను. పోర్టు ఆయనకు ఇరవై నాలుగేళ్లు వచ్చింది 1971లో. ఉక్కు ఆయనకు 1980లో, మాస్టారికి 1988లో. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల వయసుల వాళ్లకు వివిధ దశాబ్దాల పాటలు వినిపించి మార్కులు వేయించారు. తమకు సుమారు ఇరవై నాలుగేళ్లున్నప్పుడు వచ్చిన పాటలకే మనుషులు ఎక్కువ మార్కులు వేశారు. మా ముగ్గురు న్యాయమూర్తులూ తమ యౌవనానికి మొదటి స్థానం ఇచ్చుకున్నారు. నేను నా జాబితా చెప్పలేదు; నా వయసు బయటపడుతుందని.

నిపుణులైతే వేరనుకోవద్దు. బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ ఫైనల్లో పన్నెండు మంది, రోజుకు ఇద్దరు చొప్పున ఆరు రోజులు వాయిస్తారు. ఎవరు ఏ రోజన్నది లాటరీ. కానీ ఏళ్ల తరబడి ఫలితాలు తిరగేసిన ఆర్థికవేత్తలు ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్‌లకు మొదటిరోజు వాయించినవాళ్లకు పై స్థానాలు వచ్చే అవకాశం తక్కువని తేలింది. మామూలు శ్రోతల సంగతి ఇంకా విచిత్రం. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 14,341 మందికి ఎవరూ ఎరగని 48 పాటలు ఇచ్చి, కొందరిని ఎనిమిది గుంపులుగా విడదీశారు. తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో వాళ్లకు కనబడుతుంది. ఒక గుంపులో మొదటి స్థానానికెక్కిన పాటే మరో గుంపులో 40వ స్థానంలో మిగిలింది. ముందెవరో నొక్కిన మీటను చూసి మనమూ నొక్కుతాం. జాబితా ఒకసారి అచ్చయితే వచ్చే జాబితాకు అదే సాక్ష్యం.

పోనీ, అభిప్రాయాలు వదిలేసి లెక్కనే నమ్ముదామా? 1974 గిన్నిస్ పుస్తకం లత కనీసం 25,000 పాటలు పాడారని రాసింది. మహమ్మద్ రఫీ ఒప్పుకోలేదు. చివరికి 1991లో ఆ పద్దే ఎత్తేశారు. 2016లో సుశీల పేరుతో 17,695 పాటల రికార్డు నమోదైంది, పలు భారతీయ భాషల్లో. ఆ అంకె చూసి నాకూ ఛాతీ ఉప్పొంగింది, దాచుకోను. కానీ అంత సంఖ్య కొంత ఆమె గొంతుది, కొంత ఏటా పదుల కొద్దీ సినిమాలు తీసి నాయికలందరికీ ఒకే గొంతు కోరుకున్న మద్రాసు స్టూడియోలది.

లతకు అన్యాయం జరిగిందా అంటే, జరిగింది 84 అంకెలో కాదు, ‘ఆల్ టైమ్’ అన్న పేరులో. ‘మా ఆఫీసు వాళ్లకు నచ్చినవాళ్లు’ అని పెట్టుకుంటే ఎవరికీ పేచీ లేదు. పత్రిక మాత్రం అమ్ముడుపోదు. ఆ జాబితాలోనే ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ కూడా ఉన్నారు. అరబ్బులు ఆవిడ ఉచ్చారణకు ప్రాణం పెడతారు. వాళ్ల భాషలో వేరువేరుగా ఉన్న రెండు ‘హ’లు నా చెవికి ఒకటే. ఆవిడ విషయంలో నేనూ న్యూయార్క్ వాణ్ణే.

ఇదంతా అయ్యేసరికి ఎండ ఎక్కింది. లేవబోతుంటే ఒడియా పెద్దాయన నోరు విప్పారు. “అయితే మీ జాబితాలో అక్షయ మహంతికి ఎన్నో నంబరు ఇచ్చారు మాస్టారూ?”

ఎవరికీ ఆ పేరు తెలియదు. ఒడియా పాటలో అంతకన్నా పెద్ద పేరు లేదట. 2002లో పోయారట. విశాఖలో రైలెక్కితే బరంపురం నాలుగైదు గంటలు. ఇన్నేళ్లుగా పక్కన కూర్చున్న మనిషిని మేం ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన ఫోను తీసి ఒక పాట పెట్టారు. అలల హోరులో సగం కొట్టుకుపోతోంది. మాటలు అర్థం కాలేదు గాని, ఒకచోట నాలుక అంగిలిని తాకి జారిన చప్పుడు స్పష్టంగా వినబడింది. ‘ళ’! నేను ఆయన వైపు చూశాను. “కళా. నలుపు అని మా భాషలో” అన్నారు.

“ఆ ముక్క ఇంకోసారి వినిపించండి” అని మాస్టారు మళ్లీ కూర్చున్నారు.