తెల్ల వ్యాన్ రాదు, వరసైనవాళ్ళే వస్తారు: మనుషుల అక్రమ రవాణాపై అపోహలు, వాస్తవాలు

మొన్న కావలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ‘నా బంగారు తల్లి’ సినిమా వేశాం. అయిపోయి లైట్లు వేయగానే వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఒంగోలులో వేసినా అదే, నెల్లూరులో వేసినా అదే. "ఊరంతా దండం పెట్టే మనిషి, పైగా ఇంట్లో ఆడపిల్ల ఉన్నవాడు, అట్టాంటి పని చేస్తాడా మేడం? సినిమా కాబట్టి పెట్టారు గానీ..."

చూడనివాళ్ళు ఏమనుకోకండి, కథ కొంచెం చెప్పక తప్పదు. కూతురిని ప్రాణంగా పెంచే తండ్రి, ఊళ్ళో పెద్దమనిషి. ఆయన చాటుగా చేసే వ్యాపారం ఆడపిల్లలను అమ్మడం. చివరికి ఆ వలలో సొంత కూతురే పడుతుంది. రాజేష్ టచ్‌రివర్ తీశారు. వెనక నిలబడిన సునీతా కృష్ణన్ 1996 నుంచీ ‘ప్రజ్వల’ సంస్థతో ఈ వలల్లోంచి ఆడపిల్లలను బయటికి తెస్తున్న మనిషి. 2013కి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కూతురిగా చేసిన అంజలీ పాటిల్‌కు ప్రత్యేక ప్రస్తావన దక్కింది. ఇన్ని ఉన్నా మా హాల్లో పిల్లలకు నమ్మబుద్ధి కానిది ఆ తండ్రి పాత్రే. ఇలాంటి కేసుల ఫైళ్ళు చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా, సినిమా మొత్తంలో అన్నిటికంటే నిజమైన ముక్క అదే.

అపోహ: పిల్లలను ఎత్తుకుపోయేది తెల్ల వ్యాన్‌లో వచ్చే ముక్కూ మొహం తెలియని గ్యాంగులు.

దీనివల్ల మనం పోగొట్టుకున్నంత ఇంకే అపోహవల్లా పోగొట్టుకోలేదు. 2018 మే నెల గుర్తుందా? పార్థీ గ్యాంగ్ అనే ఏదో దొంగల ముఠా దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతోందని వాట్సాప్ నిండా ఒకటే గోల. ఎక్కడివో ఫోటోలు, ఎవరిదో గొంతు. పొదిలి వైపు ఒక పల్లెలో సవరాలకు వెంట్రుకలు కొని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడను జనం చుట్టుముట్టారు. ఏళ్ళ తరబడి ఆ వీధుల్లో తిరిగిన మనిషే. మేం వెళ్ళేసరికి గిన్నెల మూట విప్పి రోడ్డు మీద పరిచి ఉంది, ఆవిడ రచ్చబండ కింద కూర్చుని ఆధార్ కార్డు పైకెత్తి పట్టుకుని ఉంది. దించితే కొడతారని భయం. ఈ పుకార్లను ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద నాకు జాలి లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అదే నెలలో అదే పల్లె నుంచి పదహారేళ్ళ అమ్మాయి చెన్నైలో బట్టల షాపులో పనికని వెళ్ళింది. తీసుకెళ్ళింది తల్లికి వదిన చెల్లెలు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆర్టీసీ బస్సులో. రాత్రంతా కర్రలు పట్టుకుని కాపలా కాసిన కుర్రాళ్ళలో ఒకడు ఆ పిల్ల బ్యాగు బస్సెక్కించాడు.

తల్లి మా ఆఫీసుకు వచ్చేసరికి పదకొండు రోజులు గడిచాయి. "మా వదిన చెల్లెలేనమ్మా తీసకపోయింది, పరాయోళ్ళు కాదు" అని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటోంది. అడ్వాన్సు కింద ఇచ్చిన ఐదు వేలు బియ్యం డబ్బాలో అట్లాగే ఉన్నాయంది, ముట్టుకోలేదంది. పిల్లకు కొత్త చెప్పులు, ఫోన్‌కు రీచార్జి కూడా ఆ వదిన చెల్లెలే చేయించిందట. మూడో రోజు నుంచీ ఆ ఫోను స్విచాఫ్. మరి ఇన్నాళ్ళూ ఎందుకాగావమ్మా అంటే, పోలీసుల దాకా పోతే రేపు సంబంధాలు రావని ఆగిందట. ఆమెను నేనేమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు.

అమ్మాయి దొరికింది, నాలుగు నెలలకు. అక్కడ ఏం జరిగిందో ఇక్కడ రాయను.

నేను చూసిన కేసుల్లో తీసుకెళ్ళింది చుట్టమో, ఊరివాళ్ళో, పెళ్ళి చేసుకుంటానన్నవాడో, ఇన్‌స్టాలో ఆరు నెలలుగా "తిన్నావా" అని అడిగినవాడో. వాళ్ళకు మత్తు చాక్లెట్ అక్కర్లేదు. ఇంట్లో అప్పు ఎంతుందో, ఏ పిల్ల ఇంటర్ ఫెయిలై తిట్లు తింటోందో, ఎవరి నాన్న మంచంలో ఉన్నాడో వాళ్ళకు తెలుసు. ఆ తెలియడమే వాళ్ళ పెట్టుబడి.

అట్లాగని పనికి పంపొద్దనడం లేదు. పడమటి మండలాల్లో వానలు లేక ఇళ్ళకు తాళాలేసి హైదరాబాదు, బెంగళూరు పోయే కుటుంబాలకు ఆ సలహా ఇచ్చే మొహం నాకు లేదు. పంపేముందు మాత్రం షాపు పేరు, అడ్రసు, యజమాని నంబరు తీసుకోండి. ఆ నంబరుకు మీరే చేయండి, తీసుకెళ్ళేవాళ్ళ ఫోన్‌లోంచి కాదు. తీసుకెళ్ళేవాళ్ళ ఫోటో, ఆధార్ జిరాక్సు మీ దగ్గర పెట్టుకోండి. పిల్ల ఆధార్ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఇంట్లో ఒక గుర్తు మాట అనుకోండి. ఒక తల్లి, కూతురు "గేదె ఈనిందా" అనుకున్నారు. వాళ్ళకు గేదె లేదు. ఫోన్‌లో ఆ మాట వచ్చిందంటే పిల్ల ఆపదలో ఉందని లెక్క.

అపోహ: 24 గంటలు దాటితేగానీ కంప్లైంట్ తీసుకోరు.

తప్పు. పిల్లలు కనపడకపోతే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే చెప్పింది. మా పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ ఉన్నది అందుకే. పిల్లలకు 1098, మహిళలకు 181, ఏదీ గుర్తు రాకపోతే 112. మొదటి రెండు మూడు గంటల్లో పిల్ల ఇంకా బస్టాండులోనో, గూడూరు దాటని రైల్లోనో ఉండే అవకాశం ఉంది. ఒక్కసారి చెన్నై సెంట్రల్‌లో దిగాక వెతకడం అంటే ఏమిటో మాకు తెలుసు.

అపోహ: ఇష్టపడే వెళ్ళింది, ఇంక కేసేంటి?

ఈ మాట చదువుకున్నవాళ్ళు కూడా అంటారు, ఒళ్ళు మండుతుంది. మోసంతోనో, బెదిరించో, డబ్బు ఆశ చూపో దోపిడీకి తీసుకెళితే, వెళ్ళినవాళ్ళు ఒప్పుకున్నారా లేదా అన్నది చట్టానికి అనవసరం. పాత ఐపీసీ సెక్షన్ 370లోనూ అంతే, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143లోనూ అంతే. శిక్ష ఏడేళ్ళకు తగ్గదు. మైనరైతే పదేళ్ళ నుంచి యావజ్జీవం దాకా.

అపోహ: ఇది ఆడపిల్లల సంగతి, వ్యభిచారం సంగతి.

సినిమా చూసి వచ్చే అభిప్రాయం ఇది, సినిమా తప్పు కాదు. ఒక సినిమాలో అన్నీ పట్టవు. బాతులు మేపడానికి అడ్వాన్సు కింద పంపిన యానాది తెగ పిల్లలు, ఇటుక బట్టీలో బాకీ తీరేదాకా కదలనివ్వని కుటుంబాలు, ఇవీ ఇందులోవే. వెట్టిచాకిరిని 1976లోనే చట్టం పెట్టి రద్దు చేశారు. గల్ఫ్ సంగతి వేరే రాయాలి. ఇప్పటికి ఒక్క ముక్క: పదో తరగతి లేని ఆడవాళ్ళను ఇంటిపనికి పంపాలంటే ముప్పై ఏళ్ళు నిండాలి. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నాడంటే అక్కడే ఆగండి.

కావలిలో ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక ప్రొజెక్టర్ వైరు చుడుతున్నాను. ఒకమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "మేడం, ఫోటో, ఆధార్ అడిగితే ఆమెకు కోపం వస్తదేమో" అంది. ఎవరికమ్మా అన్నాను. ఫోన్ తీసి రైలు టికెట్ చూపించింది. ఆదివారానిది. రెండు సీట్లు, రెండో పేరు వాళ్ళ అత్త వరసయ్యే ఆవిడది. ఇంట్లో తెలుసా అంటే అమ్మకు తెలుసు, నాన్నకు తెలియదంది.

మెట్ల మీద కూర్చుని ఆమె ఇచ్చిన షాపు నంబరుకు ఫోన్ చేశాం. మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తారు. షాపు పేరు అడిగితే ఎవరు మాట్లాడేది అన్నారు, మళ్ళీ అడిగితే పెట్టేశారు. సాయంత్రం వాళ్ళ నాన్నను రమ్మని నేనే చేశాను.