పసికందు రోగనిరోధక శక్తి: అపోహలు, వాస్తవాలు

నవజాత శిశువుల వార్డులో మమ్మల్ని తల్లులకన్నా ఎక్కువగా ప్రశ్నించేది అమ్మమ్మలు, నానమ్మలే. బిడ్డకు ఇమ్యూనిటీ పెరిగే చుక్కల మందు ఏదైనా రాయమని వారు అడుగుతుంటారు. అలాంటి మందు లేదు. ఆ అవసరం ఎందుకు లేదో చెప్పాలంటే కొన్ని అపోహలను ముందుగా తొలగించాలి.

అపోహ: అప్పుడే పుట్టిన బిడ్డకు రోగనిరోధక శక్తి అసలే ఉండదు.

వాస్తవం: ఉంటుంది, అయితే అందులో చాలా భాగం తల్లి ఇచ్చినదే. గర్భం చివరి మూడు నెలల్లో తల్లి రక్తంలోని ఐజీజీ రకం ప్రతిరక్షకాలు (క్రిములను ఎదుర్కొనే ప్రోటీన్లు) మాయ ద్వారా బిడ్డకు చేరుతాయి కనుక, నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో అవి తల్లికి ఉన్నంతగా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటాయి. గర్భిణికి వేసే ధనుర్వాతం టీకా బిడ్డనూ కాపాడేది ఈ దారిలోనే. మన దేశంలో తల్లులకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు 2015లో నిర్ధారణ కావడంలో ఆ టీకాకు పెద్ద పాత్ర ఉంది. ఏడో నెలలోనే పుట్టిన బిడ్డకు ఈ వాటా సరిగా అందదు.

బిడ్డ సొంత తెల్లకణాల నిల్వ తక్కువ, క్రిములున్న చోటికి అవి చేరేదీ నెమ్మదిగానే. కడుపులో ఉన్నంతకాలం తల్లి కణాలపై తిరగబడకుండా అణిగి ఉండవలసిన వ్యవస్థ అది. అందుకే దీన్ని లోపం అనడానికి నాకు మనసొప్పదు.

అపోహ: ముర్రుపాలు అరగవు, పిండి పారబోసి తేనె నాకించాలి.

వాస్తవం: పేగులకు పూతలా రక్షణనిచ్చే ఐజీఏ ప్రతిరక్షకాలు మాయను దాటి రాలేవు, ముర్రుపాలలోనే సమృద్ధిగా అందుతాయి. తేనెలో బొట్యులిజం (కండరాలు చచ్చుబడే ప్రమాదకర జబ్బు) కలిగించే క్రిమి బీజాలు ఉండవచ్చు కనుక ఏడాది నిండే వరకు దాన్ని ఇవ్వకూడదు. పురిటి గదిలోకి పదిమందిని రానివ్వని మన పెద్దల ఆచారం మాత్రం ఎంతో మేలైనది.

అపోహ: బిడ్డ కాస్త గట్టిపడ్డాక టీకాలు వేయించవచ్చు.

వాస్తవం: హెపటైటిస్-బి టీకా పుట్టిన 24 గంటల్లోపే పడాలి, ఎందుకంటే కాన్పు సమయంలో ఆ వైరస్ సోకిన పిల్లల్లో పదింట తొమ్మిది మందికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది. తట్టు టీకాను తొమ్మిది నెలల వరకు ఆపడానికి కారణం బిడ్డ బలహీనత కాదు, అంతకు ముందు తల్లి ప్రతిరక్షకాలు ఆ టీకాను సరిగా పనిచేయనివ్వకపోవడమే.

అపోహ: ఒళ్లు కాలడం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే నమ్మకం ఇదే. పెద్దవారి శరీరం జ్వరంతో హెచ్చరిస్తుంది; పసికందు శరీరానికి చాలాసార్లు ఆ శక్తి కూడా ఉండదు, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకుతున్నా ఒళ్లు చల్లబడిపోవచ్చు. "మా వాడు నెమ్మదస్తుడు, ఏడవడు, పాలకు కూడా లేవడు" అని ఇంట్లో మురిసిపోయిన బిడ్డ మా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి విషమించిన సందర్భాలు ఉన్నాయి. నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ రొమ్ము పట్టకపోయినా, కదిపితే తప్ప కదలకపోయినా, పొట్టతో పాటు పాదాలు కూడా చల్లగా తగిలినా, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. నెలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే: ఇంట్లో చుక్కల మందు వేసి చూడకుండా, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.