అండమాన్ పడవ ఎక్కే ముందు

రాజమహేంద్రవరం

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రయాణం వివరాలు మీ అమ్మ పంపింది. క్రిస్మస్ సెలవుల్లో అండమాన్, అందులో ఒక రోజంతా స్వరాజ్ ద్వీప్‌లో, అదే పాత హేవ్‌లాక్ దీవిలో, పడవ మీద. పొద్దున స్నార్కెలింగ్, అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం; సాయంత్రం సూర్యాస్తమయం చూస్తూ షికారు, పడవలో మొత్తం ఆరుగురే ప్రయాణికులు. ఫోనులో మీరిద్దరూ ఒకేసారి అడిగిన ప్రశ్నలు నాకు సగమే వినపడ్డాయి. వినపడిన సగానికి ఈ ఉత్తరం. ఫిజిక్సు మాస్టారుగా రిటైరైనవాడు రాసే ఉత్తరం ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి కాస్త ఓర్చుకోండి.

ముందు చిన్నదాని ప్రశ్న. "కాకినాడలోనూ సముద్రం ఉంది కదా, పగడాలు చూడటానికి 1,200 కిలోమీటర్లకు పైగా ఎందుకు పోవాలి?" మంచి ప్రశ్న. మన కాకినాడ సముద్రంలో గోదావరి కలుస్తుంది. ఆ నది దక్కన్ అంతా తిరిగి మోసుకొచ్చిన ఒండ్రుమట్టిని, మంచినీటిని అక్కడ వదిలిపెడుతుంది. ఆ మట్టే మనకు కోనసీమనిచ్చింది, దానికి నమస్కారం. కానీ బురదనీటిలోకి వెలుతురు దిగదు. దిబ్బలు కట్టే పగడాలకు ఉప్పగా, వెచ్చగా, తేటగా ఉండే నీరు కావాలి, అన్నిటికన్నా ముందు ఎండ కావాలి. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలోనే కనిపిస్తాయి. పెద్ద నదులు వచ్చిపడే చోట వాటి జాడ ఉండదు.

పగడానికి ఎండతో ఏం పని అంటారా? పగడం మొక్క కాదు, రాయీ కాదు, జంతువు. జెల్లీచేపకు దగ్గరి చుట్టం. కొన్ని మిల్లీమీటర్ల మెత్తటి జీవి, నోటి చుట్టూ కుట్టే మీసాలు, కింద తాను కట్టుకున్న సున్నపురాయి గూడు. వేలకు వేలు ఇలాంటివి కలిసి ఒక పగడపు చెట్టో బండో అవుతాయి. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు జీవులు కాపురముంటాయి. ఇంట్లో అద్దెకున్నవాళ్లు అద్దె బదులు రోజూ వంట చేసిపెట్టినట్టు, ఆ నాచు ఎండతో తిండి వండి పగడానికి పెడుతుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అలా వచ్చిందే. మీరు చూసే రంగుల్లో చాలా భాగం కూడా ఆ నాచువే. నానమ్మ ఉంగరంలోని ఎర్ర పగడం వేరే జాతి. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు మసకబారిన చోట పెరుగుతుంది. దాని ఒంట్లో నాచు ఉండదు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆ రోజు మీకు అన్నీ అర్థమవుతాయి. అక్కడ పగడాలు తినేది వెలుతురు, మీరు చూడబోయేది వెలుతురు, పడవ ఎన్నింటికి కదలాలో చెప్పేది కూడా వెలుతురే.

ఇక పెద్దవాడి ప్రశ్న, మాస్కు ఎందుకని. చెరువులో మునిగి కళ్లు తెరిస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, గుర్తుందా? కంటిలోకి వచ్చే వెలుతురును వంచే పనిలో మూడింట రెండు వంతులు కంటి ముందుపొర, అంటే కార్నియా చేస్తుంది. గాలిలోంచి కంటిలోకి వచ్చేటప్పుడే అది బాగా వంచగలదు. నీటికీ కార్నియాకూ వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతాయో చెప్పే లెక్క, దాదాపు ఒకటే కావటంతో నీటిలో దానికి పని లేకుండా పోతుంది. మాస్కు చేసేదల్లా కంటి ముందు కాస్త గాలిని నిలబెట్టడమే. అయితే నీటిలోంచి అద్దం దాటి ఆ గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు మళ్లీ వంగుతుంది. దాంతో ప్రతి వస్తువూ మూడో వంతు పెద్దగా, దూరంలో నాలుగో వంతు తగ్గి దగ్గరగా కనిపిస్తుంది. కాబట్టి పైకొచ్చాక ఎంత చేపను చూశారో చేతులు చాచి చూపించేటప్పుడు నాలుగో వంతు తగ్గించుకోండి. మీ నాన్నకు మరీ మరీ చెప్పండి.

మాస్కు సరిపోయిందో లేదో చూడాలంటే పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేయి తీసినా అది అంటుకుని ఉంటే మీదే. వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా నీరు కారుతుంది. మీసం ఉన్నవాళ్లకు కొంత కారుతూనే ఉంటుంది. మీ నాన్నను మీసం తీయమని నేను చెప్పను, ఆ గొడవ మీ అమ్మ చూసుకుంటుంది. పెద్దవాడి కళ్లద్దాలు మాస్కులో పట్టవు, కాడలు రబ్బరును పైకి లేపేస్తాయి. పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి, ముందుగానే అడిగి పెట్టుకోండి. అద్దం ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రాసి ఒకసారి కడిగేస్తారు. చిన్నది ఛీ అంటుందని తెలుసు. ప్రపంచమంతా చేసేది అదే.

గొట్టం ఎందుకంత పొట్టిగా ఉంటుందని కూడా అడిగారు. సినిమాల్లో దొంగ చెరువు అడుగున కూర్చుని రెల్లుగడ్డితో ఊపిరి పీలుస్తుంటాడే, అది కుదరని పని. ఒక మీటరు లోతుకు వెళ్తే ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. మీ ఛాతీ 500 చదరపు సెంటీమీటర్లు అనుకోండి, లెక్క మీరే కట్టండి. 50 కిలోల బస్తా ఎత్తుకుని ఊపిరి తీయాలి! పైగా గొట్టం పొడవైతే వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. అందుకే స్నార్కెల్ నీటి పైభాగంలో బోర్లా తేలేవాళ్ల కోసమే. ఈ వారంలో రోజూ కాసేపు కుర్చీలో కూర్చుని, ముక్కు మూసుకుని, నోటితో నెమ్మదిగా ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. కంగారుపడేవాళ్లు వేగంగా, పైపైన పీలుస్తారు. వాళ్లకే ఆయాసం వస్తుంది.

చిన్న పడవ తీసుకోమని మీ అమ్మకు చెప్పింది నేనే. ఆ దీవిలోని ఎలిఫెంట్ బీచ్‌కు డిసెంబరులో జనం విరగబడతారు. గైడు ఒక ట్యూబుకు నలుగురిని తగిలించి లాక్కుపోతాడు, కాసేపటికి తిప్పి తెచ్చేస్తాడు, మళ్లీ ఇంకో నలుగురు. అతని తప్పేమీ లేదు, ఒడ్డున వరస నిలబడి ఉంటుంది. ఆరుగురే ఉంటే గైడు కళ్లు అందరి మీదా ఉంటాయి. ఇంకో కారణం కూడా ఉంది. లోతు లేని చోట నలభై మంది నిలబడి కాళ్లు ఆడిస్తే అడుగున ఇసుక లేస్తుంది. లేచిన ఇసుక పగడాల మీద పడి వాటి ఎండకు అడ్డం వస్తుంది. గోదావరి చేసిన పనే మన కాళ్లూ చేస్తాయన్నమాట. కాబట్టి నిలబడకండి, తన్నకండి. లైఫ్ జాకెట్ వేసుకుని బోర్లా తేలుతూ ఊరికే ఉండండి. ఊరికే ఉన్నవాళ్ల దగ్గరికే చేపలు వస్తాయి. బనానా బోటు, వాటర్ స్కూటర్ అంటూ ఒడ్డున ఎవరైనా పిలిస్తే, అవి గోవాలోనూ ఉన్నాయని చెప్పి ముందుకు నడవండి.

ఏం చూడాలి? నాకు నచ్చినవి చెబుతాను. రాక్షస ఆల్చిప్ప ఒకటి. పగడాల మధ్య ఇరుక్కుని, నీలం, ఆకుపచ్చ మచ్చలున్న పెదవిని పైకి తెరిచి పెట్టుకుంటుంది. దాని పెదవిలోనూ ఆ నాచే కాపురముంటుంది, అది ఎండకు పెట్టుకున్న పెదవి. మీ నీడ పడితే ముడుచుకుంటుంది, అంటే వెలుతురు తగ్గిన సంగతి దానికి తెలుస్తుంది. చిలుకచేప ఇంకొకటి. ముక్కులాంటి పళ్లతో బండను గీకి నాచు తింటుంది. జాగ్రత్తగా వింటే కరకర చప్పుడు కూడా వినపడుతుంది. ఆ సున్నపురాయి పొడి పొట్టలోంచి తెల్ల ఇసుకై బయటికి వస్తుంది. ఇలాంటి దీవుల ఇసుకలో కొంత భాగం అలా తయారైందే. మీరు అక్కడ కట్టబోయే ఇసుక కోట గురించి ఇంతకన్నా చెప్పను. నారింజరంగు విదూషక చేపలు సముద్రపు పూలలో, అంటే పూలలా కనిపించే అనిమోన్ అనే జంతువుల మీసాల్లో దాక్కుంటాయి. అవి పుట్టేటప్పుడు అన్నీ మగవే. గుంపులోని పెద్ద ఆడచేప చనిపోతే దాని తర్వాతి స్థానంలో ఉన్న మగచేప ఆడచేపగా మారుతుంది. ఈ సంగతి చెప్పి పడవలో పెద్దవాళ్ల ముఖాలు చూడండి.

వీలైతే పొద్దున 11 గంటల ప్రాంతంలో నీటిలో ఉండండి, ఎందుకో చివర చెబుతాను. నీరు ముందుగా మింగేది ఎరుపును. ఐదు మీటర్ల లోతుకే ఎరుపు చాలా వరకు పోయి ఎర్ర చేప కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. మీరు రెండు మూడు మీటర్ల లోతులో ఉన్నవాటిని చూస్తారు కాబట్టి, పైన ఎండ బాగుంటే రంగులు దక్కుతాయి.

అన్నీ రంగుల్లోనే కనిపిస్తాయని మాత్రం అనుకోకండి. సముద్రం వేసవిలో ఉండే వేడి కన్నా ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన ఒంట్లోని నాచును బయటికి తోసేస్తుంది. అప్పుడు తెల్లగా ఎముకలా మిగులుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998లో, 2010లో, 2016లో అండమాన్ పగడాలు ఇలా తెల్లబడ్డాయి. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం కొన్నిచోట్ల మీటరు దాకా పైకి లేచింది. సునామీ గురించి అందరికీ తెలుసు కానీ, ఆ రోజు నీటిలోంచి బయటపడి, తాము తినే ఎండలోనే మాడిపోయిన పగడాల గురించి తెలిసినవాళ్లు తక్కువ. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బండ పగడం పెరిగేది ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే. బల్లంత బండ కనిపిస్తే దానికి మీ నాన్నకన్నా, బహుశా నాకన్నా ఎక్కువ వయసుంటుంది.

కాబట్టి ముట్టుకోవద్దు. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం ముక్కనైనా జేబులో వేసుకోవద్దు. దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో పాటు ఉన్నాయి. విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు. సన్‌స్క్రీన్ బదులు పొడవు చేతుల ఈత చొక్కాలు కొనుక్కోండి. కొన్ని సన్‌స్క్రీన్ రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని 2020లో పలావ్, 2021లో హవాయి వాటిని నిషేధించాయి. చొక్కా అయితే కడిగినా పోదు, చవక కూడా. ఒక్క భయపెట్టే మాట కూడా చెప్పాలి. అండమాన్ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో ఆ దీవిలోనే రాధానగర్ బీచ్ పక్కన స్నార్కెల్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. గైడు వద్దన్న చోట దిగకూడదు, బోర్డు ఉన్న చోట వాదించకూడదు, అంతే.

గైడుతో, సరంగుతో మాట్లాడండి. అక్కడి పడవవాళ్లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు, 1925లో బర్మా నుంచి తెచ్చిన కరెన్ జాతివాళ్ల వారసులు, రాంచీ వైపునుంచి వచ్చినవాళ్లు ఉంటారు. మనవాళ్లూ తక్కువేమీ కాదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాష అయినవాళ్లు సుమారు 13 శాతం, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. చిన్న మర పడవను అక్కడ డుంగీ అంటారు. ముందు తెలుగులో పలకరించి చూడండి, ఏం పోయింది?

సాయంత్రం పడవ నాలుగింటికే కదులుతుందని చూసి, పడవవాళ్లు పొరపాటు పడ్డారేమో అంది మీ అమ్మ. పొరపాటేమీ లేదు. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, ఆ గీత కాకినాడ దగ్గరగా పోతుంది. స్వరాజ్ ద్వీప్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు, పదిన్నర డిగ్రీలకు 42 నిమిషాలు. అంటే అక్కడ సూర్యుడు ఎత్తుకు చేరేది 12 గంటలకు కాదు, సుమారు 11:20కి. 11 గంటలకే నీటిలో ఉండమన్నది అందుకే. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు మునుగుతాడు.

పడవలో ఉండగా నీటి నీలాన్ని గమనించండి. ఆకాశం నీలమే సముద్రంలో ప్రతిబింబిస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ అన్నారు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1921లో ఇంగ్లండు నుంచి తిరిగి వస్తూ, మధ్యధరా సముద్రాన్ని ఓడ మీదనుంచి ఒక చిన్న ప్రిజంలోంచి చూశారు. ఆకాశపు ప్రతిబింబాన్ని ఆపేసినా నీలం పోలేదు. నీటి అణువులే వెలుతురును చెదరగొడుతున్నాయని తేల్చారు, ఆ దారిలోనే 1928 నాటి రామన్ ఎఫెక్ట్ ఆవిష్కరణకు చేరారు. నీరు ఎరుపును మింగడం కూడా ఆ నీలానికి ముఖ్య కారణమని మీకు ఇప్పటికే తెలుసు. సూర్యుడు కిందికి దిగాక నీరు నల్లబడుతుంది, ఏటవాలుగా పడిన వెలుతురులో ఎక్కువ భాగం పైనుంచే తిరిగిపోతుంది. అమావాస్య దగ్గర పడితే చీకటయ్యాక చేత్తో నీటిని కలిపి చూడండి. కదిలిస్తే మెరిసే సూక్ష్మజీవులు అక్కడి నీటిలో ఉంటాయి, అదృష్టముంటే కనిపిస్తాయి. పడవ అంచున వంగేటప్పుడు అమ్మ చేయి పట్టుకునే ఉండాలి.

మీకొక లెక్క. కాకినాడకూ అక్కడికీ తేడా 42 నిమిషాలన్నాను కదా. కానీ మీరు వెళ్లే రోజుల్లో కాకినాడకన్నా అక్కడ 50 నిమిషాలకు పైగా ముందే తెల్లవారుతుంది. సాయంత్రం మాత్రం అరగంటకు కాస్త ఎక్కువ ముందే పొద్దు గుంకుతుంది. రెండు పూటలా 42 ఎందుకు రాలేదు? గ్లోబు, టార్చిలైటు తీసుకుని కూర్చోండి. జవాబు రాసి పంపండి, ఫోను చేయొద్దు.

మీ తాతయ్య