కూజా, వడగాలి, మిరపకాయ బజ్జీ

దసరా తగ్గింపులు మొదలైన వారం విజయవాడ పటమట నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, నూనె లేకుండా బజ్జీలు వేసే మిషనట. సగం ధరకి వస్తోంది. కొనమంటావా?" ఆదివారం వచ్చి చూసి చెబుతానన్నాను. ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో బయల్దేరి నేను వెళ్లేసరికి మిషన్ వంటగది గట్టు మీద ఉంది. దాని బుట్ట చిల్లుల్లోంచి శనగపిండి జారి అడుగున అట్టులా ఎండిపోయింది. పైన మిరపకాయలు మాత్రం పిండి చొక్కా విప్పేసి, ముడతలు పడి ఉన్నాయి. "మిషన్ పాడైపోయిందేమో, వాపసు ఇచ్చేయనా?" అని అడిగింది. పాడవలేదు. అది చేయగలిగిన పని అది సరిగ్గానే చేసింది. మనం అడిగిన పని దానిది కాదు.

ఎయిర్ ఫ్రయ్యర్ అన్న పేరులో వేపుడు ఉంది కానీ లోపల జరిగేది వేపుడు కాదు. పైన వేడెక్కే తీగచుట్ట, దాని మీద ఒక ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. అంటే చిన్న గదిలో బలమైన గాలి వీచే ఓవెన్. ఫిలిప్స్ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని ఈ పేరుతో పరిచయం చేసింది. ఆలోచన అంతకంటే పాతది. 1940ల్లో విలియం మాక్సన్ అనే అమెరికన్, విమానాల్లో గడ్డకట్టిన భోజనాలు వేడి చేయడానికి ఫ్యాను పెట్టిన ఓవెన్ తయారు చేశాడు. చరిత్ర ఇంతే చాలు. నాకు ఆసక్తి అంతా ఆ బుట్టలో వీచే గాలి మీదే.

ఆ గాలి ఏమిటో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బెంజి సర్కిల్ దగ్గర బండి మీద వెళ్తుంటే మొహానికి తగిలేది అదే. నీడలో కదలకుండా నిలబడితే 45 డిగ్రీల ఎండనైనా ఎలాగో ఓర్చుకుంటాం, గాలి వీస్తే మాత్రం చర్మం మండిపోతుంది. గాలి ఉష్ణోగ్రత మారలేదు కదా, ఎందుకలా? మన చర్మాన్ని అంటుకుని పల్చని గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గాలి వేడిని చాలా బద్ధకంగా మోస్తుంది కాబట్టి ఆ పొర దుప్పటిలా అడ్డుపడుతుంది. వడగాలి ఆ దుప్పటిని లాగేసి, కొత్త వేడి గాలిని చర్మం దాకా తెస్తుంది. చర్మం 34, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, అంతకంటే వేడిగా ఉన్న ఏ గాలైనా మనకి వేడి ఇచ్చిపోతుంది. మిషన్‌లో ఫ్యాను చేసే పని ఇదే. 200 డిగ్రీల వడగాలి.

మరి 200 డిగ్రీల వడగాలిలో పిండి ఎందుకు గట్టిపడలేదు? దీనికి జవాబు మా అమ్మమ్మగారి ఇంట్లో వరండా మూలన ఉండే మట్టి కూజాలో ఉంది.

బయట 45 డిగ్రీలున్న రోజున కూజాలో నీళ్లు చల్లగా ఉండటం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మట్టి రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ, ఆవిరవడానికి కావలసిన వేడిని కూజా నుంచే తీసుకుంటుంది. గాలి వేడి ఇస్తూనే ఉంటుంది, ఆవిరి ఆ వేడిని ఎత్తుకుపోతూనే ఉంటుంది. రెండూ సమానమైన చోట కూజా నిలిచిపోతుంది. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలిలో పెడితే చూపించేది ఆ నిలిచిపోయే ఉష్ణోగ్రతనే. గాలిలో తేమ 20 శాతం ఉన్న 45 డిగ్రీల రోజున తడిగుడ్డ 25 డిగ్రీల దగ్గరికి దిగిపోగలదు. కిటికీకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన వాళ్లందరూ ఈ లెక్క వాడుకున్నవాళ్లే. తేమ ఎక్కువైన ఉక్కపోత రోజున ఆవిరి పోవడానికి గాలిలో చోటు తక్కువ, అందుకే ఆ రోజు కూజా నీళ్లు అంత చల్లబడవు.

బుట్టలో పెట్టిన పచ్చి బజ్జీ కూడా ఒక కూజానే. పిండి నిండా నీళ్లు. చుట్టూ పొడి గాలి. 200 డిగ్రీల గాలి తగిలినా, పైపొర తడిగా ఉన్నంతసేపూ దాని ఉష్ణోగ్రత 100కి బాగా దిగువనే ఆగిపోతుంది. శనగపిండిలో గంజి, మాంసకృత్తులు బిగుసుకోవాలంటే సుమారు 70, 80 డిగ్రీలు దాటాలి. ఆ వేడి అందేలోపు పిండికి కిందికి జారిపోవడానికి కావలసినంత సమయం దొరికింది.

నూనెలో కథ వేరు. నాకు ఎంత ఆలోచించినా తనివి తీరని విషయం ఇది. గాలిలో నీరు 30 డిగ్రీల దగ్గరా ఆవిరవుతుంది, 60 దగ్గరా ఆవిరవుతుంది, ఎందుకంటే ఆవిరి మెల్లగా గాలిలో కలిసిపోగలదు. నూనెలో మునిగిన నీటికి ఆ దారి లేదు. చుట్టూ ఉన్నది నూనె, అందులో ఆవిరి కలవదు. బయటపడాలంటే బుడగ కట్టాలి. బుడగ కట్టాలంటే లోపలి ఆవిరి ఒత్తిడి బయటి వాతావరణ పీడనంతో సమానం కావాలి. అంటే నీరు మరిగి తీరాలి, అంటే 100 డిగ్రీలు చేరాలి. కూజా లాగా ముందే చల్లబడి తప్పించుకునే వీలు నూనెలో లేదు. అందుకే బజ్జీ నూనెలో పడగానే చుయ్‌మంటుంది. ఆ చప్పుడు వచ్చిన క్షణాల్లోనే పైపొర 100కి చేరి బిగుసుకుపోతుంది. పిండి జారడానికి సమయమే ఉండదు.

లెక్క కూడా వేసి చూద్దాం. 40 గ్రాముల బజ్జీ, దాని ఉపరితలం సుమారు 100 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని 30 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి దాదాపు 10 కిలోజౌళ్లు కావాలి. అందులోంచి 10 గ్రాముల నీరు ఆవిరి కావడానికి ఇంకో 22.6 కిలోజౌళ్లు. మొత్తం 32 చిల్లర. మరిగే బుడగలతో కలియబడే నూనె, ఒక చదరపు మీటరుకి ఒక డిగ్రీ తేడాకి రమారమి 500 వాట్లు ఇస్తుంది. ఫ్యాను గాలి ఇచ్చేది 50 దాకా. 180 డిగ్రీల నూనెకీ 100 డిగ్రీల పైపొరకీ తేడా 80, కాబట్టి బజ్జీకి అందేది 400 వాట్లు. 200 డిగ్రీల గాలికి తేడా 100, అందేది 50 వాట్లు. నూనెలో 80 సెకన్లు, గాలిలో 640 సెకన్లు, అంటే పదకొండు నిమిషాలు. బజ్జీలు వేయగానే నూనె కాస్త చల్లారుతుంది కనుక మనకి నిజంగా రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇంకో మాట, ఒక లీటరు నూనె ఒక డిగ్రీ చల్లారితే వచ్చే వేడి, అంతే వేడి మీదున్న ఒక లీటరు గాలి ఇచ్చేదానికి రెండు వేల రెట్లకు పైనే. ఫ్యాను అంత హోరుగా ఎందుకు తిరగాలో ఇక్కడ తెలుస్తుంది.

మరిగే నీరు ఒక గ్రాము ఆవిరి కావడానికి కావలసిన వేడి 540 కేలరీలు. నీటి బాష్పీభవన గుప్తోష్ణం. తొమ్మిదో, పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరూ ఈ అంకె రాసి ఒక మార్కు తెచ్చుకుని ఉంటారు. జోసెఫ్ బ్లాక్ 1760ల్లో ఈ దాగిన వేడిని కొలిచాడు. వహనం, సంవహనం, వికిరణం అని పిల్లల చేత వల్లె వేయిస్తాం. తరగతిలోకి ఒక కూజా, రెండు థర్మామీటర్లు, తడిగుడ్డ తెస్తే నలభై నిమిషాల్లో అయిపోయే పాఠం ఇది. మా మేనకోడలు ఫిజిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. బజ్జీకీ ఆ 540కీ సంబంధం ఉందని తనకి ఎవరూ చెప్పలేదు. అది నన్ను బాధపెడుతుంది.

ఇక మిషన్ కొనడానికి అసలు కారణం, నూనె. బజ్జీ నూనెలో ఉన్నంతసేపూ ఆవిరి లోపలి నుంచి బయటికి తోసుకొస్తుంటుంది కాబట్టి నూనె పెద్దగా లోపలికి పోలేదు. ఎక్కువ భాగం పోయేది బయటికి తీశాకే. బజ్జీ చల్లారుతుంటే లోపలి ఆవిరి మళ్లీ నీరవుతుంది, ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనెని పీల్చుకుంటుంది. మనం చేసే తప్పు ఇక్కడే. వేగిన బజ్జీలు తీసి ఒకదాని మీద ఒకటి గిన్నెలో పడేస్తాం. చిల్లుల గరిటెతో బాండీ మీదే నాలుగుసార్లు గట్టిగా విదిలించి, వెంటనే కాగితం మీద విడివిడిగా పరిస్తే పీల్చుకోవడానికి నూనె మిగలదు. దీనికి పైసా ఖర్చు లేదు.

నూనె వేడి తగ్గినా ఇదే నష్టం, ఆవిరి తోపు బలహీనపడి బజ్జీ నూనె కారుతుంది. అందుకని నా సంచిలోంచి థర్మామీటరు తీశాను. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన పిస్తోలు లాంటిదే, కాకపోతే నుదుటిది శరీర ఉష్ణోగ్రతల మేరకే చూపిస్తుంది, వంటకి 300 దాటి కొలిచేది కావాలి. ఇది వస్తువు నుంచి వచ్చే పరారుణ కాంతిని చూసి వేడి చెబుతుంది. నూనె, చర్మం, మసిపట్టిన ఇనప పెనం ఆ కాంతిని బాగా వెదజల్లుతాయి. తళతళలాడే స్టీలు వెదజల్లదు, అద్దంలా చుట్టుపక్కల వేడిని తిప్పికొడుతుంది. నీళ్లు మరుగుతున్న స్టీలు గిన్నె పక్కకి గురిపెడితే 43 చూపించింది! మా మేనకోడలు పిల్లలు దీన్నే అరగంట ఆడుకున్నారు. నూనె మీదికి నేరుగా గురిపెడితే మాత్రం నమ్మొచ్చు. 178 ఉన్న నూనె ఐదు బజ్జీలు వేయగానే 150కి పడిపోవడం చూశాం. అందుకే ఒక వాయికి మూడే వేయాలి. వింత పరికరాల్లో నేను నిస్సంకోచంగా కొనమనేది ఇదొక్కటే. పుల్లలా గుచ్చే రకమైతే ఇంకా మంచిది, మెరుపుతో దానికి పని లేదు.

వెల్లుల్లి వాసన పోగొట్టే స్టీలు సబ్బు గురించి కూడా అడిగింది. అది స్టీలు ముక్క. ఇంట్లో చెంచా ఉంది.

మధ్యలో తను ఇంకో ప్రయోగం చేసింది. కారప్పొడికి ఎండుమిరపకాయలు ఆ బుట్టలో వేసింది. తేలికైన కాయలు గాలికి లేచి వేడి తీగచుట్టకి తగిలాయి. ఫ్యాను ఆ ఘాటుని ఇల్లంతా పంచింది, అందరం బాల్కనీలోకి పరిగెత్తాం. పక్కింటి పెద్దావిడ వచ్చి, "ఘాటు వచ్చిందంటే మీ ఇంటికి దిష్టి లేదమ్మా" అన్నారు. దిష్టి తీసి నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని మన నమ్మకం. మిరపకాయ నిప్పు మీద మెల్లగా మాడితే దానిలో కారాన్నిచ్చే కాప్సైసిన్ పొగతో లేచి గొంతు పట్టుకుంటుంది. మంటలో పడి భగ్గున మండితే అదీ కాలిపోతుంది, ఘాటు రాదు. తేడా మంటది. పెద్దావిడకి అలాగే చెప్పాను, ఆసక్తిగానే విన్నారు. కరివేపాకు, అప్పడాలు కూడా ఆ బుట్టలో వేయకండి, ఇలాగే ఎగురుతాయి.

మరి ఆ మిషన్ వాపసు ఇవ్వాలా? వద్దన్నాను. బంగాళదుంప, కాకరకాయ, బెండకాయ ముక్కలకి ఒక చెంచా నూనె పట్టించి వేస్తే చక్కగా వస్తాయి. నూనె ఆవిరి కాదు కాబట్టి తడి ఆరిన పైపొర 100 దాటి, ఎరుపెక్కే 140 డిగ్రీలని అందుకుంటుంది. గడ్డకట్టించి అమ్మే ఫ్రెంచ్ ఫ్రైలు అందులో బాగా రావడానికి కారణం, వాటిని ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేయించి పంపుతారు. అన్నిటికంటే పెద్ద లాభం, కాగిన నూనె మిగలదు. నాలుగుసార్లు కాచిన అర లీటరు నూనెని పారబోయలేక కూరల్లో వాడటం మన ఇళ్లలో మామూలే. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె కాగి కాగి చెడినప్పుడు పుట్టేవి, 25 శాతం మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి నియమం పెట్టింది, ఇంట్లో దాన్ని కొలిచేవారెవరు? వారంలో మూడు రోజులు వేపుళ్లు చేసే ఇంటికి ఈ కారణం ఒక్కటి చాలు. బజ్జీలు, పునుగులు, గారెల కోసమైతే కొనకండి. కొన్నవాళ్లు చిన్న ప్లగ్గులో పెట్టకండి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు, మామూలు 6 ఆంపియర్ల సాకెట్ వేడెక్కుతుంది. గీజరుకి పెట్టే 16 ఆంపియర్లదే కావాలి.

సాయంత్రం బాండీలోనే బజ్జీలు వేశాం, వాయికి మూడు, విదిలించి, కాగితం మీద పరిచి. ఉల్లిపాయ, నిమ్మకాయ. ఐదు మిగిలాయి. మర్నాడు పొద్దున అవి తోలులా సాగుతున్నాయి, రాత్రంతా లోపలి తేమ పైపొరలోకి వచ్చేసింది. వాటిని బుట్టలో 180 దగ్గర నాలుగు నిమిషాలు పెట్టింది. పిండి ముందే బిగిసి ఉంది, నూనె పైన ఉంది, ఆరాల్సింది ఆ కాస్త తడే. కరకరలాడుతూ వచ్చాయి. రెండు నా చేతిలో పెట్టి, మిగిలిన మూడూ పిల్లల టిఫిన్ డబ్బాలో సర్దింది.